లోపలి అంచు మీద బంతి

నేను పుంగనూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. పిల్లలు "పీటీ మేడం" అంటారు. వాళ్ళ తల్లులు "ఆటల మేడం" అంటారు, కాస్త జాలిగా, పాపం లెక్కల మేడం కాలేకపోయిందే అన్నట్టు. ఆ జాలి నాకేం అక్కర్లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళ సాఫ్ట్‌బాల్ మ్యాచుల్లో ప్లేటు వెనక నిలబడి తీర్పు చెప్పిన మొదటి ఆడమనిషిని నేను. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే ఇప్పటిదాకా ఇంకెవరూ చెప్పలేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను, కొంచెమే. పిచ్చర్ అనే అమ్మాయి చేతిని ఒక చుట్టు గుండ్రంగా తిప్పి నడుము పక్కనుంచి బంతి విసురుతుంది. ఎదురుగా బ్యాటు పట్టుకున్న పిల్ల ఉంటుంది. ఆ పిల్ల పక్కన నేలకి సమంగా ఒక తెల్లటి పలక ఉంటుంది, అదే ప్లేటు. బంతి ప్లేటు మీదుగా, మోకాళ్ళకి పైన, చంకలకి కింద పోతే బ్యాటు తగలకపోయినా స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే అవుట్. ప్లేటు తప్పి పోతే దాన్ని 'బాల్' అంటాం. నాలుగు బాల్స్ ఇస్తే బ్యాటు పట్టిన పిల్ల హాయిగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి పోవచ్చు, దాన్ని వాక్ అంటాం. మూడు బేసులూ దాటి మళ్ళీ ప్లేటు దగ్గరికొస్తే ఒక రన్. ఏది స్ట్రైకో ఏది బాలో చెప్పేది బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కి వెనక ఇనుప చువ్వల మాస్కు పెట్టుకుని నిలబడే అంపైరు. పేరులో సాఫ్ట్ ఉంది కదాని మోసపోవద్దు. ఆ బంతి తొడకి తగిలితే వారం రోజులు నీలంగా ఉంటుంది.

చిక్కంతా ప్లేటు లోపలి అంచు దగ్గర వస్తుంది. లోపలి అంచంటే బ్యాటర్ ఒంటికి దగ్గరగా ఉండే వైపు. ఆ అంచు మీదుగా వచ్చే బంతి నేరుగా కడుపులోకి దూసుకొస్తున్నట్టే ఉంటుంది. చూసేవాళ్ళకీ అలాగే ఉంటుంది. కానీ రూలుకి భయం ఉండదు. బంతిలో ఏ కొంచెం ప్లేటు అంచు మీదుగా పోయినా స్ట్రైకే. అది పుస్తకంలో మాట. మా మూడూళ్ళలో మాత్రం ఆడపిల్లల మ్యాచుల్లో లోపలికి వచ్చిన ప్రతి బంతీ బాలే. ఇలా ఇవ్వాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అంపైర్లందరూ మా పీఈటీ సార్లే, అందరూ కూతుళ్ళున్నవాళ్ళే. ఆడపిల్ల మొహానికి దెబ్బ తగిలితే రేపు పెళ్ళిచూపుల్లో ఎవరు జవాబు చెప్తారన్న భయం వాళ్ళ గొంతులో ఉంటుంది. అందుకని బంతి లోపలికి తిరగ్గానే నోరు దానంతటదే "బాల్" అనేస్తుంది.

పిల్లలేమైనా తక్కువవాళ్ళా? సార్ల మెత్తదనాన్ని ఇట్టే పట్టేశారు. లోపలికి బంతి రాగానే రెండు కాళ్ళతో వెనక్కి దుంకి "అమ్మో!" అని అరుస్తారు. నాలుగు అమ్మోలు పెడితే ఫస్ట్ బేస్. కొన్ని స్కూళ్ళలో బ్యాటింగ్ కంటే ముందు ఈ అమ్మో నేర్పుతారు, నేను చూశాను.

నాది కుప్పం. మా నాయన గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో రాళ్ళెత్తే కూలి. నన్ను సాఫ్ట్‌బాల్‌లోకి లాగింది మా హైస్కూలు పీఈటీ సార్. చేతులు పొడుగ్గా ఉన్నాయని నన్ను పిచ్చర్ని చేశారు. నా బంతి ఏం చేసినా లోపలికే తిరిగేది, బ్యాటర్ నడుము వైపుకి. అంత మంచి బంతి మా స్కూల్లో ఇంకెవరికీ లేదు. అంపైరుగా నిలబడేదీ ఆ సారే, దానికి ఎప్పుడూ బాలే ఇచ్చేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, ప్లేటు మీదనే కదా సార్ పోయింది?"

"ప్లేటు మీదనే పోయిందిమ్మా. ఆ పాపకి తగిలుంటే వాళ్ళమ్మకి ఎవురు సెప్తారు? నువ్వా, నేనా?"

ఆ రోజు నుంచే బయటి అంచుకి వెయ్యడం నేర్చుకున్నాను. అదొక మామూలు బంతి, ఎవరైనా వెయ్యగలిగేది. అలాగే ఆడి, ఆ ఆటతోనే వ్యాయామ విద్య చదువుకి సీటు తెచ్చుకుని, ఉద్యోగం సంపాదించాను. అన్నిటికీ వెనక సార్ ఉన్నారు. దరఖాస్తు దగ్గర్నుంచి బస్సెక్కించేదాకా ఆయనే. అందుకే ఆయన మీద నాకు కోపం రాదు. వచ్చినా నిలవదు.

జిల్లాలు విడిపోయినా మా పీఈటీలం విడిపోలేదు. ఏటా మూడూళ్ళ హైస్కూళ్ళ ఆడపిల్లలకి టోర్నమెంటు పెట్టుకుంటాం, ఒక్కో ఏడు ఒక్కో ఊళ్ళో. సార్ పలమనేరుకి బదిలీ అయ్యాక అక్కడి స్కూల్లో సాఫ్ట్‌బాల్ టీం లేకపోవడంతో మాకందరికీ ఆయనే పెద్ద అంపైరు అయిపోయారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఆయన చెప్పినట్టే. నాకు ఎప్పుడూ ఒకటే ఉద్యోగం, "మేడం, మీ చేతిరాత బాగుంటుంది, మీరు స్కోరు రాయండి." మహా అయితే మొదటి బేస్ దగ్గర ఎండలో నిలబెట్టేవాళ్ళు. ప్లేటు వెనక చోటు కోసం నేనెంత ఆశపడ్డానో పైకి చెప్పుకోలేదు. అడిగితే నవ్వుతారని తెలుసు.

మదనపల్లెలో టోర్నమెంటు జరిగిన ఏడు ఆ చోటు నాకు వచ్చింది. సార్‌కి మోకాళ్ళు పట్టేశాయి, వంగలేకపోతున్నారు. మదనపల్లెకీ కుప్పానికీ మ్యాచ్. నా దగ్గరికి వచ్చి, "ఈ ఒక్క మ్యాచికీ నిలబడతావామ్మా?" అన్నారు. ఇంకా మాట పూర్తికాకముందే ఆయన చేతిలోంచి మాస్కు తీసేసుకున్నాను. ఛాతీకి కట్టుకునే ప్యాడ్ మగవాళ్ళ కొలతది, నా తొడలదాకా వేలాడింది. అద్దం లేదు కాబట్టి నేనెలా ఉన్నానో నాకు తెలియదు. నా మటుకు నాకు చాలా బాగున్నాననిపించింది.

మా సార్లు ప్లేటు వెనక ఎలా నిలబడతారంటే, క్యాచర్‌కి నేరుగా వెనక, నాలుగడుగులు దూరంగా, నిటారుగా, గ్రూపు ఫోటోకి నిలబడ్డట్టు. అక్కణ్ణుంచి బయటి అంచు బాగా కనిపిస్తుంది. లోపలి అంచుకి క్యాచర్ తల అడ్డం, దుంకే బ్యాటర్ అడ్డం. అంటే వాళ్ళు చూడనిదానికి తీర్పు చెప్తున్నారన్నమాట. నేను క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య సందులో, దగ్గరగా, క్యాచర్ తలమీదుగా చూసేటట్టు వంగి నిలబడ్డాను. అక్కడినుంచి లోపలి అంచు నా అరచేతి గీతంత స్పష్టంగా ఉంది.

కుప్పం పిచ్చర్ బక్కపిల్ల. వాళ్ళమ్మ రోజూ తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కి పోయి చీకటిపడ్డాక వస్తుందట. ఆ పిల్ల తనలో తాను మాట్లాడుకుంటూ ఆడేది, తమిళం కొంత, కన్నడం కొంత, మన తెలుగు కొంత. మొదటి బంతి విసిరింది. అది లోపలికి తిరిగింది. ఆ మలుపు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నా బంతి తిరిగిన మలుపే. బ్యాటర్ వెనక్కి దుంకి "అమ్మో!" అంది. బంతి అంచు మీదుగా వెళ్ళి క్యాచర్ గ్లవ్‌లో పడింది.

"స్ట్రైక్!" అన్నాను.

బ్యాటర్ నావైపు, నేనేదో చెంపమీద కొట్టినట్టు చూసింది. కుప్పం పిల్ల కూడా నమ్మలేదు, స్ట్రైకని పైకెత్తిన నా చెయ్యి వంక తేరిపార చూసింది. తర్వాత ఆ పిల్ల వదిలిపెట్టలేదు. లోపలికి వేసిన బంతుల్లో ప్లేటు తప్పినవాటికి బాల్ ఇచ్చాను, తాకినవాటికి స్ట్రైక్ ఇచ్చాను. చివరి ఇన్నింగ్స్‌లో మదనపల్లె ఒక్క రన్ వెనకబడి ఉండగా, వాళ్ళ ఆఖరి బ్యాటర్ లోపలి అంచు బంతికి దుంకింది, నేను మూడో స్ట్రైక్ ఇచ్చాను. సొంత ఊళ్ళో మదనపల్లె ఓడిపోయింది.

ఆ ఆఖరి బ్యాటర్ తల్లి గ్రౌండు లోపలికి వచ్చేసింది. టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే పని, మధ్యాహ్నం పని మానుకుని కూతురి ఆట చూడ్డానికి వచ్చింది. చేతులకి ఇంకా టమోటా మరకలున్నాయి.

"ఏం మేడం, నా బిడ్డ మొగం మీదికి బంతేస్తే అది రైటంటావా? నీకు ఆడబిడ్డలు లేరా?"

"మొగం మీదికి కాదమ్మా. ప్లేటు మీదికి."

"ప్లేటంట ప్లేటు! నీది కుప్పమే కదా, నాకు తెలీదనుకుంటివా?"

ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను కూడా. సార్ వచ్చి నన్ను పక్కకి తీసుకుపోయారు.

టీ కొట్టు దగ్గర మా పీఈటీలందరూ చేరారు. నా కాల్ తప్పని ఒక్కరూ అనలేదు. అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. అందరూ ప్రేమగా మాట్లాడారు. సార్ టీ గ్లాసు పక్కనపెట్టి, "కాల్ తప్పు కాదమ్మా," అన్నారు. "రేపు ఎవురికన్నా తగిలితే ఈ తల్లులు పిల్లోల్లని పంపరు. పిల్లోల్లు వస్తేనే కదా ఆట, ఆట ఉంటేనే కదా నీ రూలు? లోపలికొచ్చేదానికి బాల్ ఇస్తానంటే సెప్పు, ఈ మాస్కు నీ దగ్గిరే పెట్టుకో. ఇంక నా మోకాళ్ళు పని చెయ్యవు."

చూడండి ఎంత దగ్గరికి వచ్చిందో. ఇన్నేళ్ళు ఆశపడ్డ చోటు, అంత పెద్దమనిషి తన నోటితో ఇస్తానంటున్నారు. నేను చెయ్యాల్సిందల్లా చూసినదాన్ని చూడలేదనడమే. నావల్ల కాలేదు. "నాకు కనపడింది సార్. కనపడినాక ఎట్ల బాలని సెప్పేది?" అన్నాను. సార్ చెయ్యి చాపారు. మాస్కు ఇచ్చేశాను. నన్నెరిగినవాళ్ళు నమ్మరుగానీ, పుంగనూరు బస్సులో దిగేదాకా ఏడ్చాను.

ఏడుపు అయిపోయాక బుర్ర పనిచేసింది. సార్ మాటలో ఒక నిజం ఉంది, భయం అబద్ధం కాదు. అయితే ఆ భయానికి మనం చేసిందేమిటి? బంతి మీదికి వస్తే ఏం చెయ్యాలో మా పిల్లలకి ఎవరూ నేర్పలేదు. వెనక్కి దుంకేటప్పుడు ఆడపిల్ల ఛాతీ, కడుపు, మొహం అన్నీ బంతికి ఎదురుగా తెరిచి పెడుతుంది. ఏ మొహాన్ని కాపాడాలని అబద్ధం తీర్పులిచ్చామో, ఆ మొహాన్నే బంతికి చూపించే అలవాటు చేశాం. నిజంగా ఒంటిమీదికి వచ్చే బంతికి చెయ్యాల్సింది దుంకడం కాదు, భుజం లోపలికి తిప్పి, గడ్డం దించి, వీపుకి తగలనివ్వడం. వీపు తట్టుకుంటుంది.

మర్నాటి నుంచి మా స్కూల్లో సాయంత్రం ప్రాక్టీసు మారిపోయింది. బ్యాట్లు పక్కన పెట్టించాను. టెన్నిస్ బంతులు తీసుకుని ఒక్కొక్కరినీ ప్లేటు పక్కన నిలబెట్టి విసిరాను. కొన్ని అంచు మీదుగా, కొన్ని కావాలని ఒంటిమీదికి. నా చేతిలోంచి బంతి వదలగానే నిలబడ్డ పిల్ల "అంచు" అనో "ఒళ్ళు" అనో అరవాలి. అంచైతే కదలకూడదు. ఒళ్ళైతే తిరిగి వీపు ఇవ్వాలి. మొదటి వారం అందరికీ అన్నీ ఒళ్ళే. ఒకతి నేను బంతి వెయ్యకముందే ఒళ్ళని అరిచింది. నేను తిట్టాను, నవ్వాను, మళ్ళీ తిట్టాను. వానాకాలం పోయేసరికి టెన్నిస్ బంతి పోయి అసలు బంతి వచ్చింది, నెమ్మదిగా. దుంకడం ఆగిపోయింది.

మా టీంలో ఒక పొట్టి పిల్ల ఉండేది, బొద్దుగా, గట్టిగా. మా ఊరి పొట్టి ఆవుల జాతి పేరు పెట్టి, వేరే ఊళ్ళవాళ్ళు పుంగనూరు పొట్టావు అని ఏడిపించేవాళ్ళు. బ్యాటు పట్టిందంటే ఆ ఏడిపించే నోళ్ళు మూతపడేవి. వాళ్ళమ్మ ఊళ్ళో పాల కేంద్రంలో పని చేస్తుంది. ఒక సాయంత్రం నేరుగా గ్రౌండులోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం మేడం, నా బిడ్డని బంతితో కొడతాండావంట?"

"అవునమ్మా, కొడతాండా. నువ్వొకసారి నిలబడు, ఎట్లుంటాదో సూద్దువు."

నేను ఎగతాళికి అన్నాను. ఆమె కొంగు దోపి నిజంగానే నిలబడింది. ఆమె కూతురు వెనకనించి, "అమ్మా, దుంకద్దు! భుజం తిప్పు!" అని అరుస్తోంది. టెన్నిస్ బంతి విసిరాను. ఆమె చక్కగా తిరిగింది, బంతి వీపుకి తగిలి కిందపడింది. ఆమె నవ్వేసింది.

"ఇంతేనా? మా ఆవు తోకతో కొడితే ఇంతకంటే గెట్టిగా తగల్తాది. ఊ, కొట్టుకో మేడం నీ ఇష్టం."

తర్వాత ఆమె అప్పుడప్పుడూ సాయంత్రాలు వచ్చి గట్టుమీద కూర్చుని, పిల్లలతోపాటు తనూ అంచు, ఒళ్ళు అని అరిచేది. సగం తప్పు చెప్పేది. నాకు మాత్రం ఆమెను చూస్తే ధైర్యంగా ఉండేది.

మరుసటి ఏడు టోర్నమెంటు కుప్పంలో. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా వెళ్ళాం. పాల కేంద్రం ఆమె కూడా సెలవు పెట్టుకుని మాతో వచ్చింది. ఈసారి నాకు స్కోరు పుస్తకం కూడా ఇవ్వలేదు, మీ టీం చూసుకోండి మేడం అన్నారు. సార్ మోకాళ్ళకి పట్టీలు బిగించుకుని ప్లేటు వెనక నిలబడ్డారు.

కుప్పం బక్కపిల్లకి ఆ ఏడు పదోతరగతి. పొద్దున మ్యాచ్‌లో ఆమెను చూశాను. లోపలికి వెయ్యడం మానేసింది. వేసిన రెండు మూడింటికీ బ్యాటర్లు అమ్మో అన్నారు, సార్ బాల్ ఇచ్చారు, అంతే, బయటి అంచుకి మామూలు బంతులు వేసుకుంటూ పోయింది. ఎలాగో గెలిచారు. ఈ ఒక్క ఏడూ అయిపోతే ఈ పిల్ల బంతికి ఎవరూ న్యాయం చెయ్యకుండానే స్కూలు దాటిపోతుంది అనుకున్నాను.

సెమీఫైనల్లో మాకు ఎదురొచ్చింది వాళ్ళే. నా పిల్లలని కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాను. "అంచైతే కదలద్దండి. ఒళ్ళైతే తిరగండి. అమ్మో అని ఎవురన్నా అరిసినారో, నేనే వచ్చి కొడతా."

పక్కనున్న మదనపల్లె పీఈటీ సార్ విని నవ్వారు. "ఏం మేడం, ఊరికే వచ్చే వాకులు యాల పోగొట్టుకుంటావు? మీ పిల్లోల్లు దుంకితే చాలు, గెలుస్తారు."

ఆ సంగతి నాకు తెలియక కాదు. నా పిల్లలు కూడా గెలవాలనే వచ్చారు. నేనూ గెలవాలనే వచ్చాను. కానీ దుంకి గెలిచే ఆట నేను నేర్పలేదు.

మా మొదటి బ్యాటర్‌కి కుప్పం పిల్ల ఒకటి లోపలికి వేసింది. మా పిల్ల రాయిలా నిలబడింది. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు ఒక్కటే వినిపించింది. అరుపు లేదు, దుంకుడు లేదు. సార్ అలవాటు కొద్దీ "బాల్" అన్నారు. అని, కిందికి ప్లేటు వంక చూశారు. కుప్పం పిల్లకి కూడా ఆశ్చర్యమే, ఎదుటి పిల్ల కదలకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ లోపలికి వేసింది. మళ్ళీ వేసింది. ఒకటి నిజంగానే మా పిల్ల ఒంటిమీదికి వచ్చింది, చక్కగా తిరిగి వీపు ఇచ్చింది, బంతి ఒంటికి తగిలినా బేస్ ఇస్తారు కాబట్టి నవ్వుకుంటూ బేస్‌కి పోయింది. గట్టుమీదున్న తల్లులు లేచి నిలబడ్డారుగానీ, నవ్వే పిల్లని చూసి మళ్ళీ కూర్చున్నారు. ఆట సగమయ్యేసరికి నేనొకటి గమనించాను. సార్ కదిలారు. క్యాచర్ వెనకనుంచి పక్కకి, ముందుకి, ఇంకొంచెం పక్కకి. పట్టీలు కట్టిన మోకాళ్ళు వంచి, క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య సందులోకి వచ్చి నిలబడ్డారు. పోయినేడు నేను నిలబడ్డ చోటే అది.

చివరి ఇన్నింగ్స్. మేము ఒక్క రన్ వెనక. ఇద్దరు అవుట్, మూడో అవుటుతో ఆట అయిపోతుంది. బేసులు మూడూ మా పిల్లలతో నిండి ఉన్నాయి. బ్యాటు పట్టింది మా పొట్టి పిల్ల. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. ఇంకొక్క బాల్ వస్తే వాక్, అందరూ ఒక్కో బేస్ ముందుకి జరుగుతారు, మూడో బేస్ పిల్ల నడుచుకుంటూ ప్లేటు దగ్గరికొచ్చి రన్ తెస్తుంది, స్కోరు సమం. ఇంకొక్క స్ట్రైకైతే మేము ఇంటికి.

కుప్పం పిల్ల చెయ్యి తిప్పింది. బంతి లోపలికి తిరిగింది. మా పిల్ల చూసింది, అది లోపలికి తప్పిపోతుందని లెక్క వేసుకుంది, బ్యాటు ఆపేసింది. కదల్లేదు. బంతి గ్లవ్‌లో పడింది. నేనున్నచోటునుంచి ప్లేటు కనిపించదు, అందుకని నేను సార్ వంకే చూస్తున్నాను. ఆయన ప్లేటు అంచు వంక చూశారు. ఆ నిమిషంలో ఆయన బాల్ అని ఉంటే నా పిల్లలు కేరింతలు కొట్టేవాళ్ళు, నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

సార్ కుడిచెయ్యి పైకి లేచింది.

"స్ట్రైక్!"

మేము ఓడిపోయాం. నేను చప్పట్లు కొట్టాను. కొడుతున్నానని నాకు తెలిసేలోపే కొట్టాను. కుప్పం పిల్లలు ఎగురుతున్నారు, ఆ పిచ్చర్ మాత్రం ఎగరలేదు. సార్ చెయ్యి ఎక్కడ దిగిపోతుందో అన్నట్టు దానివైపే చూస్తూ నిలబడింది. మా పొట్టి పిల్ల బ్యాటు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"అంచేనా మేడం?"

"సార్ అంచనిరి కదా."

"నేను తప్పిపోతాదనుకొంటి మేడం. జానెడు లోపలికొస్తాదనుకొంటి." కళ్ళు తుడుచుకుంది. "శానా మంచి బంతి మేడం అది."

ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నాను. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినా రాని గర్వం ఆ ఒక్క మాటకి వచ్చింది. ఓడిపోయిన పిల్ల, తనని అవుట్ చేసిన బంతిని మెచ్చుకుంటోంది. వాళ్ళమ్మ మాత్రం నన్ను వింతగా చూసింది. "ఓడిపోతే సప్పట్లు కొడతాండావేంది మేడం?" అంది. తర్వాత చెప్తాలే అన్నాను.

సార్ మాస్కు తీసి, ఒక సీసా నీళ్ళు మొత్తం తాగి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"మీ పిల్లోల్లు కదలకుంటే, అంచు అంత బాగా కనపడతాదని నాకు ఇన్నేండ్లూ తెలీదుమ్మా," అన్నారు. "ఫైనల్ కుప్పానికీ మదనపల్లెకీ. మీ టీం లేదు కదా ఇంక. నువ్వే నిలబడు."

"నేను మారలేదు సార్. లోపలిది స్ట్రైకే ఇస్తా."

"నేనేమన్నా మారమంటినా?" అని మాస్కు నా చేతిలో పెట్టారు. ఆయన చెమటకి అది తడిగా ఉంది. అలాగే పెట్టుకున్నాను.

ఫైనల్‌కి వెళ్ళి నిలబడేసరికి నా వెనక గట్టుమీద జనం నిండిపోయారు. మదనపల్లె తల్లులు ఒక లారీ మాట్లాడుకుని వచ్చారు. ఆ టమోటా మార్కెట్ తల్లి కూడా ముందు వరసలోనే ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "మళ్ళా ఈయమ్మేనా!" అన్న మాట నాకు చక్కగా వినిపించింది, వినిపించాలనే అంది. ఆమె పక్కన చోటు ఖాళీగా ఉంటే మా పాల కేంద్రం ఆమె వెళ్ళి కూర్చుంది. ఓడిపోయిన నా పిల్లలు ఆమె చుట్టూ సర్దుకున్నారు.

నా చోటుకి వెళ్ళి వంగాను. కుప్పం పిల్ల మొదటి బంతే లోపలికి వేసింది. మదనపల్లె బ్యాటర్ వెనక్కి దుంకి "అమ్మో!" అని అరిచింది. బంతి అంచు మీదుగా పోయింది, నేను చూశాను.

"స్ట్రైక్!"

నా వెనక గట్టుమీద ఆ తల్లి లేచిన చప్పుడు వినిపించింది. గాజుల చప్పుడు, "ఏయ్!" అన్న కేక. ఇంక వచ్చేస్తుంది అనుకున్నాను. ఇంతలో పాల కేంద్రం ఆమె గొంతు వినిపించింది. అరవలేదు, పక్కింటామెతో మాట్లాడినట్టే అంది.

"కూసో అక్కా. అది ప్లేటు మీదనే పోయింది. మా బిడ్డ ఇందాక ఆ బంతికే అవుటయిపోయింది."

అంపైరు వెనక్కి తిరిగి చూడకూడదు. నేను చూడలేదు. తర్వాత ఆమె కూర్చున్నట్టు గాజుల చప్పుడు మళ్ళీ వినిపించింది. మాస్కు లోపల నా కళ్ళు మసకబారాయి, తుడుచుకునే వీల్లేదు, రెండుసార్లు గట్టిగా ఆర్పి, రెండో బంతికి వంగాను.